మంచులో రెండు మైకులు

గోదావరిని పడవ మీద రెండుసార్లు దాటి, రెండుసార్లూ దాన్ని చూడలేకపోయినదాన్ని నేను. వెళ్ళేటప్పుడూ మంచే, వచ్చేటప్పుడూ మంచే. పడవ కింద చప్పుడవుతుంటే నీళ్ళున్నాయని నమ్మడమే తప్ప కంటికి ఆనలేదు. తిరిగొచ్చాక మా నంద్యాలలో ఇరుగుపొరుగు "గోదారి ఎట్లుందక్కా?" అని అడిగితే "వినపడింది" అన్నాను. రిటైరయ్యాక టీచరమ్మకు కాస్త తేడా చేసిందనుకున్నట్టున్నారు. అందుకని వివరంగా రాస్తున్నాను.

వెళ్ళిన పని ముందే చెప్పేస్తాను, చివరిదాకా దాచే ఓపిక నాకు లేదు. నలభై రెండేళ్ళ కిందట టీచర్ ట్రైనింగ్ హాస్టల్లో నా పక్క మంచం సరోజినిది. తర్వాత ఆమె సుదర్శనం అనే లూథరన్ పాస్టర్‌ని పెళ్ళి చేసుకుని, గోదావరి మధ్య ఒక లంకలో ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేసింది. ఆయన పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు తణుకులో కూతురి దగ్గర ఉంటోంది. మొన్న క్రిస్మస్ ముందు ఫోన్ చేసి, "ఒకసారి రావే. ఆయన గొంతు లంకలో ఇంకా వినపడతంది. ఒక్కదాన్నే వెళ్ళి వినలేను" అంది.

అందులో సగం నాకు ముందే తెలుసు. చివరి ఏడు గొంతు నొప్పి ఎక్కువై, ఆయన తన ఉదయం ప్రార్థనని మెమరీ కార్డులో రికార్డు చేసి గుడి మైకులో వేసేవారు. కార్డు గుడిలోనే ఉండిపోయింది. అది మోగుతోందంటే సరోజకేమీ దిగులు లేదు. కానీ లంక నుంచి అరటిగెలలు తెచ్చే ఒకామె, "అయ్యగారు మొన్న వంతెన గురించి అన్నారండమ్మగారూ, శాంక్షనయిందంటే నమ్మకండన్నారు" అని చెప్పిందట. ఆ వంతెన మాట పుట్టిందే మొన్న వానలు వెలిశాక. రెండేళ్ళ కిందట మట్టిలో కలిసిన మనిషికి అది ఎలా తెలిసింది?

"ఎవడో మిమిక్రీ చేస్తాండాడులే" అన్నాను. దగ్గు కూడా ఆయనదేనంటున్నారట. మట్టిలో పడుకున్న మనిషి నెమ్మదిగా పడుకున్నాడో లేదో తెలియక సరోజ అన్నం మానేసింది. స్వయంగా విని, ఆ మైకు పీకించి రావాలి. ఇదీ మా పని. లంక పేరు మాత్రం అడక్కండి, రాయనని మాటిచ్చాను.

ధవళేశ్వరం

జనవరి మొదటి వారం. రాజమండ్రిలో రైలు దిగేసరికి ఇంకా ఎండ రాలేదు. మా వైపు చలి పొడి చలి, దుప్పటి కప్పుకుంటే పోతుంది. ఇక్కడిది తడి చలి, దుప్పట్లోకి కూడా వస్తుంది. స్టేషన్ బయట ఉప్మా పెసరట్టు తిన్నాను, యాభై రూపాయలు. వడ్డించినతను "అల్లం పచ్చడి ఇంకొంచెం వెయ్యమంటారాండీ?" అని మూడుసార్లు అడిగాడు. మా ఊళ్ళో ఒకసారి అడిగితే గొప్ప. అండి లేకపోతే ఈ జిల్లాల్లో మనుషులకు నోరు పెగలదు. ఆటో అతను రోడ్డుకి అడ్డంగా నిలబడ్డ గేదెని "తప్పుకోండమ్మా" అన్నాడు, ఒట్టు.

ధవళేశ్వరం బ్యారేజీ చూసే వెళ్దామని ఆగాను, అక్కడా ఏటి మీద మంచే. దారి పొడుగునా సువార్త సభల ఫ్లెక్సీలు. ఒక స్తంభానికి రెండు పక్కలా ఇద్దరు వేరువేరు పాస్టర్లు, ఇద్దరూ కోట్లు వేసుకుని, ఇద్దరూ అవే మూడు తేదీల్లో, రెండు ఫర్లాంగుల దూరంలో సభలు పెట్టుకున్నారు. ఇద్దరి తల మీదా ఎగిరే పావురం మాత్రం ఒక్కటే. ప్రింటు కొట్టినవాడికి ఇంకో పావురం దొరకలేదు కాబోలు. నేనూ క్రైస్తవురాలినే, కానీ ప్రతి ఆదివారమూ గుడికి పోయే మనిషిని కాను. పోకపోవడానికి ఇలాంటివి చూపించి తప్పించుకుంటూ ఉంటాను.

టీ కొట్టు దగ్గర కాలవ లాకుల్లో పనిచేసి రిటైరైన ఒకాయన పరిచయమయ్యాడు. ఎక్కడికని అడిగితే లంక పేరు చెప్పాను. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"తిట్ల రేవుకాండీ?"

ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. తిట్లేమిటని అడిగాను. నా టీకి కూడా ఆయనే పదిహేను రూపాయలు ఇచ్చేసి, "మంచులో దాటేటప్పుడు పడవలో మాట్లాడుకోకండమ్మా. వింటా కూర్చోండి" అని వెళ్ళిపోయాడు. టీ అంతవరకూ బాగానే ఉంది, ఆ తర్వాత రుచి తెలియలేదు.

తణుకు

చక్కెర ఫ్యాక్టరీ ఆడే రోజులు. ఊళ్ళోకి బస్సు రాకముందే మడ్డి వాసన వచ్చేసింది. చెరకు బళ్ళ వెనక బస్సు నత్తనడక నడిచింది. వీధుల్లో క్రిస్మస్ నక్షత్రాలు ఇంకా దించలేదు, పగలు కూడా కొన్నిట్లో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

సరోజ సగమైపోయింది. నాకు దిబ్బరొట్టె కాల్చి చెరకు పానకం పోసింది, తను మాత్రం ముక్క కూడా ముట్టలేదు. మా వైపు జొన్నరొట్టెకి కారం అద్దుకుంటాం, వీళ్ళు రొట్టెకి పానకం పోసుకుంటారు. రెండు ముక్కల తర్వాత నాకది నచ్చేసింది, ఆమె బాధలో ఉండగా అలా తినేసినందుకు తర్వాత సిగ్గేసింది.

తిట్ల రేవు సంగతి అడిగాను. సరోజ మొహం ఎర్రబడింది. లంక రేవుకి ఎగువన వాళ్ళ పాత గుడి, దిగువన ఏలియా అనే పాస్టర్ గారి ప్రార్థన మందిరం. రెంటి మైకులూ ఏటివైపే. ఏలియా ఒకప్పుడు సుదర్శనం గారి దగ్గరే పాటలు నేర్చుకుని, వాళ్ళింట్లోనే తిని తిరిగినవాడు. తర్వాత, తల మీద నీళ్ళు చిలకరిస్తే బాప్తిస్మం కాదు, ఏట్లో ముంచాలి అని విడిపోయి, రేకుల షెడ్డు వేసుకుని, సగం సంఘాన్ని పట్టుకుపోయాడు. ఆ రోజు నుంచి సుదర్శనం గారు తెల్లారి మైకులో ప్రార్థన అయ్యాక అతన్ని తిట్టేవారు. ఆయన నోరు విప్పగానే అతను షెడ్డులో పాట ఎత్తుకునేవాడు. ఒకరి గొంతు ఒకరు ముంచేయాలని ఇద్దరికీ పంతం.

"అంత భక్తుడు మైకులో తిట్టడమేంటే?" అన్నాను.

"తిట్టినా అందులో మొత్తం బైబిలు మాటలే" అంది సరోజ, మొగుణ్ణి వెనకేసుకొస్తూ.

రేవు

మర్నాడు తెల్లారగట్ల ఆటోలో రేవుకి చేరాం. ఆటో దీపం ముందు మంచు గోడ కట్టినట్టుంది. పడవ నడిపే వీర్రాజు అనే యాభై ఏళ్ళాయన గట్టు మీద నిప్పు కాచుకుంటున్నాడు. తరతరాలుగా చేపలు పట్టే కుటుంబం, మెడలో అమ్మవారి తాయెత్తు. సరోజని చూడగానే లేచి, "అమ్మగారూ, రండి. అయ్యగారు ఇంకా మొదలెట్టలేదు" అన్నాడు.

చనిపోయిన మనిషి గురించి, ఇంకా పళ్ళు తోముకుంటున్నారన్నంత మామూలుగా అన్నాడామాట.  సరోజ నా చెయ్యి పట్టుకుంది.

మంచు కాస్త పలచబడేదాకా ఆగమన్నాడు. ఆ అరగంటలో అసలు సంగతి చెప్పాడు. ఈ మంచులో గట్టు కనపడదు. రేవుకి పైన రాళ్ళు, కింద సుడి. ఎడమ చెవికి పాత గుడి తిట్లు, కుడి చెవికి షెడ్డు పాట, రెండూ సమానంగా వినపడితే పడవ సరిగ్గా రేవుకి వెళ్తున్నట్టు. వాళ్ళ నాన్న నుంచీ అలాగే నడుపుతున్నారు. ఒకేడు బయటి నుంచి పెద్దలెవరో వచ్చి ఇద్దరు పాస్టర్లకీ రాజీ చేశారట. ఒక రోజు ఒకరి మైకు, మర్నాడు ఇంకొకరిది. అందరూ చప్పట్లు కొట్టారు. వారం తిరక్కుండా పాల పడవ దారి తప్పి సుడి అంచుదాకా వెళ్ళింది. మనుషులు దక్కారు, పాల క్యాన్లు పోయాయి. అప్పుడు పడవలవాళ్ళంతా అరటిపళ్ళు పట్టుకుని ఇద్దరి దగ్గరికీ వెళ్ళారు.

"మీరు కలిసిపోతే మేం మునిగిపోతామండి, దయచేసి పోట్లాడుకోండని అడిగామండి" అన్నాడు వీర్రాజు. "ఆ మాట మీద ఇద్దరూ నిలబడ్డారు. పెద్దాయన పోయి కూడా నిలబడ్డారు చూడండి."

సరోజకి ఈ కథంతా తెలిసినదే. చివరి మాట మాత్రం కొత్త. ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీర్రాజు ఎవరికో ఫోన్ చేసి, "బయల్దేరతన్నాం. అమ్మగారు కూడా ఉన్నారు" అని చెప్పి పడవ తోశాడు. ఛార్జీ ఇరవై. అమ్మగారి దగ్గర తీసుకోనన్నాడు, నా దగ్గర తీసుకున్నాడు.

ఏటి మధ్య

పడవలో మేమిద్దరం, ఇంకో నలుగురు. గట్టు రెండు బారల్లో మాయమైపోయింది. వీర్రాజు కాసేపు ఇంజను నడుపుతాడు, ఆపేస్తాడు, తల పక్కకి వంచి వింటాడు. ఇంజను ఆగినప్పుడు ఎవరూ ఊపిరి కూడా గట్టిగా తియ్యలేదు. నా పక్క కూర్చున్న మనిషి మొహం కూడా సగమే కనిపించింది.

మొదట ఆడగొంతు పాట వచ్చింది, సన్నగా, కుడివైపు నుంచి. అది ఏలియా గారి భార్య గ్రేసమ్మదని సరోజ చెవిలో చెప్పింది. తర్వాత ఎడమవైపు మైకు గరగరలాడింది.

"పాటలకు పోయిన గొర్రెల్లారా! మేత ఇక్కడుంది, ఇక్కడ! ఒరేయ్ ఏలియా, రేకుల షెడ్డులో తప్పెట కొడితే పరలోకం తలుపు తెరుచుకోదురా!"

బరువైన గొంతు, అడుగున కంచు ఉన్న గొంతు. ఆయనతో నేను ఫోన్లో చాలాసార్లు మాట్లాడాను. ఆ గొంతు ఆయనదే. దగ్గు వచ్చింది, రెండు పొడి దగ్గులూ ఒక పొడుగు దగ్గూ. సరోజ గోళ్ళు నా చేతిలో దిగాయి. పడవలోవాళ్ళు మాత్రం వార్తలు వింటున్నట్టు తలలూపుతున్నారు. మిమిక్రీ అన్న నా తెలివి ఆ మంచులో ఎటు పోయిందో తెలియదు. నిజం చెప్పాలంటే ప్రార్థన చేసుకున్నాను, చాలా రోజుల తర్వాత.

అప్పుడా గొంతు కాస్త తగ్గింది.

"సరోజినీ, చలిగాలి. చెవులకు గుడ్డ కట్టుకో."

 సరోజ ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నా వైపు తిరిగి మెల్లగా, "ఆయన కాదే" అంది. "ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను పేరు పెట్టి పిలవలేదు. 'ఇదిగో' అనేవారు. అంతే. ఇది ఎవరే? నేను పడవలో ఉన్నట్టు దీనికెలా తెలుసు?"

ఆయనే అనుకున్నంతసేపూ భయం ఒక రకం. ఆయన కాదని తెలిశాక వేసిన భయం అంతకంటే ఎక్కువ. వీర్రాజు ఇంజను వేశాడు.

పాత గుడి

రేవులో దిగి నేరుగా గుడికి నడిచాం. సరోజ ముందు, నేను వెనక. సున్నం రాలిన గోడలు, బెంచీల మీద దుమ్ము. కిటికీలోంచి ఒక కరెంటు వైరు లోపలికి వచ్చింది, దిగువన షెడ్డు జనరేటర్ నుంచి లాగినది. బలిపీఠం పక్క కుర్చీలో ఒక సన్నటి మనిషి శాలువా కప్పుకుని, కళ్ళు మూసుకుని, మైకు ముందు కూర్చున్నాడు. ఆ సన్నటి ఛాతీలోంచి ఆ లావు గొంతు వస్తోంది.

"ఏలియా" అంది సరోజ.

అతను కళ్ళు తెరిచాడు. చూశాడు. చూసి కూడా ఆపలేదు. ఒక చెయ్యెత్తి, ఆగమని వేడుకున్నట్టు చూపించి, "ఒరేయ్ దొంగ కాపరీ, ఏలియా, నీ మందకి లెక్క చెప్పాల్సింది దేవుడికిరా" అని తన్నుతానే తిట్టుకుంటూ పోయాడు. కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి, గొంతు మాత్రం వణకలేదు. వెనక పాల పడవ ఇంకా ఏట్లో ఉందని మాకు తర్వాత తెలిసింది. ఆ పావుగంటా ఇద్దరం నిలబడి విన్నాం. సొంత మొగుడి గొంతు ఇంకొకడి నోట్లోంచి వస్తుంటే చూస్తూ నిలబడాల్సి వచ్చిన ఆడదాని మొహం నేను మర్చిపోలేను.

రేవులోంచి విజిల్ వినపడ్డాక మైకు కట్టేశాడు. లేచి నిలబడి, "క్షమించండమ్మగారూ" అన్నాడు. అతని అసలు గొంతు పీలగా ఉంది.

కార్డు దసరాకే పాడైపోయిందట. రాజమండ్రి తీసుకెళ్ళి చూపించినా లాభం లేకపోయింది. లూథరన్ పెద్దలు కొత్త పాస్టర్‌ని వేయలేదు. మంచు రోజులు వచ్చేస్తున్నాయి.

"ఏదో పాట పెట్టచ్చుగా? ఆయన్నెందుకు లేపావు?" సరోజ గొంతు చీరుకుపోయింది.

"పాటలు అన్ని రేవుల్లోనూ వస్తాయండమ్మగారూ. తిట్లు ఒక్క మన రేవులోనే."

 వంతెన మాటెందుకన్నావని సరోజ అడిగింది. అతను నేల చూపులు చూశాడు. మొదట్లో కార్డులో ఉన్న తిట్లే తిట్టేవాడట. తర్వాత్తర్వాత కుర్చీలో కూర్చుంటే కొత్తవి వాటంతటవే వస్తున్నాయట. "నేననుకుని అనట్లేదండి. ఆదివారం మా మందిరంలో వాక్యం చెప్తుంటే కూడా ఆయన దగ్గే వస్తంది. మా ఆవిడ భయపడతంది." ఈ రోజు పేరు మాత్రం తనే కావాలని అన్నాడట, అమ్మగారు సంతోషిస్తారని.

సరోజ చెయ్యి చాపింది. "తాళంచెవి ఇచ్చెయ్." అతను మొలలోంచి తీసి ఇచ్చాడు. రేపు పడవలు ఎలా వస్తాయని అడగలేదు. అడిగితే బాగుండేదనిపించింది నాకు.

రేకుల షెడ్డు

సమాధుల తోట మాత్రం రెండు సంఘాలకీ ఒకటే. బతికున్నప్పుడు పక్కపక్కన కూర్చోడానికి ఒప్పుకోనివాళ్ళు అక్కడ వరసగా పడుకుని ఉన్నారు. సుదర్శనం గారి సమాధికి సున్నం కొత్తగా వేసి ఉంది. గొయ్యి తవ్విందీ, ఏటేటా సున్నం వేస్తున్నదీ ఏలియాయేనని గ్రేసమ్మ చెప్పింది. సరోజ ఆ సమాధి ముందు పిడికిట్లో తాళంచెవితో చాలాసేపు కూర్చుంది. పైన ఎండ వచ్చింది, మంచు విడిపోయింది. అప్పుడైనా గోదావరిని చూసి ఉండాల్సింది. నేను సరోజనే చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం భోజనం గ్రేసమ్మ ఇంట్లో, షెడ్డు వెనక. కొరమీను పులుసు, అరటిదూట పెరుగుపచ్చడి. మా వైపు అరటి బోదె పశువులకు వేస్తారు, దానికింత రుచి ఉంటుందని నాకు తెలియదు. రెండోసారి అడిగి వేయించుకున్నాను.  వడ్డించే గరిటె చప్పుడొక్కటే.

ఏలియాకి దగ్గొచ్చింది. రెండు పొడివి, ఒకటి పొడుగు.

సరోజ తలెత్తకుండానే ఎడమచేత్తో నీళ్ళగ్లాసు అతని వైపు జరిపింది. జరిపాక ఆ చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటు. ఏలియా ఆ గ్లాసు ముట్టుకోవడానికి భయపడ్డాడు. "తాగు" అంది సరోజ. తాగాడు. ఆ తర్వాత ఆమె కూడా ముద్ద కలుపుకుని తిన్నది, నేను వచ్చాక మొదటిసారి.

తిరుగు పడవ

ఆ పూట అక్కడే ఉండిపోయాం. మర్నాడు లేచేసరికి నా కాళ్ళే నాకు కనబడని మంచు. రేవు నుంచి ఒకతను వచ్చి, అవతలి గట్టున పది మంది ఎదురు చూస్తున్నారని, వాళ్ళలో నెలలు నిండిన కూతుర్ని చూడ్డానికి వస్తున్న తల్లి కూడా ఉందని చెప్పాడు. ఏలియా సరోజ వైపు చూడలేదు. గ్రేసమ్మ పాటకి వెళ్ళడానికి లేచి, మళ్ళీ కూర్చుంది.

సరోజ శాలువా కప్పుకుని గుడివైపు నడిచింది. ఏలియా వెనకే వెళ్ళాడు. గుమ్మంలో ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు, నేను దూరంగా ఉండిపోయాను. కాసేపటికి మైకు గరగరలాడింది.

మమ్మల్ని తీసుకెళ్ళే పడవ వచ్చాక ఎక్కాం. రెండు గొంతులూ ఇప్పుడు మా వీపు వెనక ఉన్నాయి. ఏటి మధ్యకొచ్చాక వీర్రాజు ఇంజను ఆపాడు. మాట్లాడొద్దన్న ధవళేశ్వరం టీ కొట్టు పెద్దాయన మాట గుర్తున్నా ఆగలేక, "ఏం చెప్పినావే?" అని అడిగాను.

"తాళంచెవి ఇచ్చాను. పేరు పెట్టి పిలవొద్దన్నాను."

"మరి ఏమని పిలవమన్నావు?"

"అది నేను చెప్పలేదు."

వెనక తిట్లు సాగుతున్నాయి, గొర్రెలు, దొంగ కాపరి, రేకుల షెడ్డు. దగ్గు వచ్చింది. ఆ తర్వాత కొంచెం ఖాళీ. అందులో గ్రేసమ్మ పాట ఒక్కటే వినపడింది. గొంతు తగ్గించి, మైకుకి దగ్గరగా వచ్చి అన్నట్టు, ఆ మాట వచ్చింది.

"ఇదిగో. చెవులకు గుడ్డ కట్టుకో."

ఏలియా కుర్రతనంలో ఆ ఇంట్లో తిని తిరిగినవాడే, ఆ పిలుపు విని ఉంటాడు. ఇలా అని ఇప్పుడు ఇంట్లో దీపం కింద కూర్చుని రాస్తూ నాకు నేను చెప్పుకుంటున్నాను. పడవలో మాత్రం ఆ ఆలోచన రాలేదు. వెనక్కి తిరిగి చూడలేదు కూడా. చూసినా మంచే.

సరోజ ఒళ్ళో ఉన్న మఫ్లరు తీసి చెవుల చుట్టూ కట్టుకుంది, గడ్డం కింద ముడి వేసుకుంది.

"ఆఁ. వెళ్ళొస్తానండి" అంది మంచులోకి.